సెసీలియా పేరున్న కాగితాలు

మొదటి రోజు: షికాగో నుంచి యాపిల్టన్

ఈ ప్రయాణం మా మనవడి బడి వ్యాసంతో మొదలైంది. ఇంద్రజాలికుడు హూడిని గురించి నాలుగు పుటలు రాసుకురమ్మంటే వాడు గ్రంథాలయం నుంచి రెండు పుస్తకాలు తెచ్చుకున్నాడు. ఒకదానిలో అతడు విస్కాన్సిన్ రాష్ట్రంలోని యాపిల్టన్ పట్టణంలో 1874 ఏప్రిల్ 6న పుట్టినట్టు ఉంది. రెండోదానిలో హంగేరీలోని బుడాపెస్ట్‌లో అదే సంవత్సరం మార్చి 24న పుట్టినట్టు ఉంది. "తాతయ్యా, ఒకే మనిషి రెండు ఊళ్ళలో ఎలా పుడతాడు?" అని వాడు అడిగాడు. పురపాలక సంఘ కార్యాలయంలో జనన మరణాల నమోదు విభాగంలో గుమాస్తాగా ముప్పై ఒక్క సంవత్సరాలు గడిపిన నాకు ఆ ప్రశ్న కొత్తది కాదు. బడిలో వేయించిన తేదీ ఒకటి, రిజిస్టరులో ఉన్న తేదీ ఒకటి, అమ్మ చెప్పే తిథి ఒకటి పట్టుకొని నా బల్ల ముందు నిలబడినవారిని ఎందరినో చూశాను.

హంగేరీలో ప్రభుత్వమే జననాలను నమోదు చేయడం 1895 అక్టోబరు 1న మొదలైంది. అంతకుముందు ఏ మతంవారి రిజిస్టర్లు ఆ మతంవారే రాసుకునేవారు. బుడాపెస్ట్ యూదుల రిజిస్టరును బట్టి ఆ పిల్లవాడు ఎరిక్ వైస్, పుట్టింది 1874 మార్చి 24. పెస్ట్, బుడా, ఓబుడా అనే మూడు ఊళ్ళు కలిసి బుడాపెస్ట్ అనే ఒకే నగరమై అప్పటికి నాలుగు నెలలే అయింది. మనవడి వ్యాసానికి ఈ జవాబు చాలింది. నాకు మాత్రం బిడ్డ పేరు పక్కన ఉండే రెండు పేర్ల మీద మనసు నిలిచిపోయింది. తండ్రి రబ్బీ, అంటే యూదుల మతగురువు, మేయర్ శామ్యూల్ వైస్, పుట్టింది 1829లో. తల్లి సెసీలియా స్టైనర్, పుట్టింది 1841లో. ఆయన మొదటి భార్య చనిపోయింది. ఆమె కన్న హెర్మన్‌ను కూడా పెంచుతూ సెసీలియా మరో ఆరుగురిని పెంచి పెద్ద చేసింది. కొడుకు గురించి వందల పుస్తకాలు వచ్చాయి. నడివయసులో దేశం మారిన ఈ దంపతుల గురించి, ముఖ్యంగా ఆ తల్లి గురించి, కాగితాలూ రాళ్ళూ ఏమి చెబుతాయో చూడాలని నాకు బలంగా అనిపించింది. మా అమ్మాయి ఆరు రోజులు సెలవు పెట్టింది.

ఉదయం షికాగో నుంచి బయలుదేరి, మిల్వాకీని దాటి, విన్నెబేగో సరస్సు పడమటి గట్టు పక్కగా ఉత్తరానికి వెళ్ళి, మధ్యాహ్నం భోజనాల వేళకు యాపిల్టన్ చేరాము. ఫాక్స్ నది ఒడ్డున కాగితపు మిల్లులతో ఎదిగిన పట్టణమిది. ఆ సాయంత్రం బస దగ్గర కూర్చొని, ఇంటి దగ్గర అచ్చు తీసుకొచ్చిన ప్రతులను వరుసగా పేర్చుకోవడం తప్ప మరే పనీ పెట్టుకోలేదు.

రెండో రోజు: యాపిల్టన్

కాలేజ్ అవెన్యూ మీద, యాపిల్టన్ వీధి కలిసేచోట, హూడిని ప్లాజా అనే చిన్న ఖాళీ స్థలం ఉంది. 1880 జనగణన నాటికి వైస్ కుటుంబం యాపిల్టన్ వీధిలో, ఈ స్థలం పరిసరాల్లోనే కాపురముండేది. ఇల్లు ఇప్పుడు లేదు. అక్కడి బల్ల మీద కూర్చొని జనగణన పుట ప్రతిని తెరిచి మనవడికి చూపించాను.

అమెరికాలో పదేళ్ళకొకసారి జరిగే జనగణనలలో 1880 నాటిది వంశ చరిత్ర వెతికేవారికి ప్రత్యేకమైనది. ఇంట్లోని ప్రతి మనిషికీ ఇంటి యజమానితో ఉన్న చుట్టరికాన్ని, తల్లిదండ్రులు పుట్టిన దేశాన్ని రాయడం అప్పుడే మొదలైంది. గృహిణుల వృత్తి గడిలో "కీపింగ్ హౌస్", అంటే ఇల్లు చూసుకోవడం, అని రాయమని గణకులకు ఆదేశం ఉండేది. ఆ పుటను చూస్తూ వేళ్ళ మీద లెక్క వేసుకుంటే నాకు ఒక సంగతి తట్టింది. 1870లో వాళ్ళింకా హంగేరీలో ఉన్నారు. 1900 నాటికి రబ్బీ బతికి లేరు. మధ్యలో వచ్చిన 1890 జనగణన కాగితాలు, 1921 జనవరి 10న వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనం నేలమాళిగలో జరిగిన అగ్నిప్రమాదంలో కొన్ని కాలి, చాలా భాగం నీటికి పాడై, చివరకు 1930ల నాటికి దాదాపు అన్నీ ధ్వంసమయ్యాయి. మిగిలినవి కొన్ని ముక్కలే. కాబట్టి ఈ భార్యాభర్తలిద్దరూ ఒకే కప్పు కింద కనిపించే సమాఖ్య జనగణన పుట అమెరికా మొత్తానికి ఇదొక్కటే. దశాబ్దానికి పైబడిన అమెరికా కాపురానికి ఒక్క పుట. నేను దాన్ని మడవకుండా అట్టల మధ్య పెట్టుకున్నాను.

మేయర్ శామ్యూల్ ఇక్కడి జయన్ అనే రిఫార్మ్ (సంస్కరణవాద) యూదు సమాజానికి రబ్బీ. భార్యాబిడ్డలు 1878లో వచ్చి ఆయనను చేరుకున్నారు. 1882 జూన్ 6న ఆయన అమెరికా పౌరుడయ్యాడు. ఆ కాలపు పౌరసత్వ పత్రాన్ని చేతిలోకి తీసుకున్న ఎవరికైనా మొదట తెలిసివచ్చేది అందులో ఎంత తక్కువ ఉంటుందనే. 1906లో కొత్త చట్టం వచ్చేదాకా ఏ ఊరి కోర్టయినా పౌరసత్వం ఇవ్వగలిగేది. అర్జీదారు పేరు, వదులుకుంటున్న రాజు పేరు, సాక్షి పేరు, తేదీ ఉంటే సరిపోయేది. భార్య పేరు ఉండనవసరం లేదు. 1855 చట్టం ప్రకారం భర్తతోపాటే భార్యా పౌరురాలు అయిపోయేది కనుక ఆమెకు వేరే కాగితం ఇచ్చేవారు కారు. ఈ పద్ధతి 1922 దాకా సాగింది. సెసీలియా ఆ జూన్ రోజున ఇంట్లో ఏ పనిలో ఉందో గాని, అక్కడ ఉన్నచోటనే దేశం మారింది. దానికి ఆమె చేతి సంతకం ఎక్కడా పడలేదు.

అదే సంవత్సరం సమాజం రబ్బీని ఉద్యోగంలోంచి తీసివేసింది. యాభై మూడేళ్ళ వయసులో, ఏడుగురు పిల్లలతో, కొత్త దేశంలో. డర్కీ వీధిలో, హ్యారిస్ వీధి మూలన, టెంపుల్ జయన్ భవనం ఇప్పటికీ నిలిచి ఉంది. దానిని 1883లో కట్టారు, అంటే రబ్బీ కుటుంబం ఊరు విడిచిన మరుసటి ఏడు. ఆయన ప్రార్థనలు నడిపిన సమాజానికి సొంత కట్టడం ఏర్పడేనాటికి ఆయన అక్కడ లేరు. ఎదుటి కాలిబాట మీద నిలబడి చాలాసేపు చూశాను. ఈ ఊరికి 1882లో గర్వకారణమైన మరో విశేషం ఉంది: ఆ సెప్టెంబరు 30న ఫాక్స్ నది నీటితో పుట్టించిన విద్యుత్తుతో హార్త్‌స్టోన్ అనే ఇంట్లో దీపాలు వెలిగాయి. ఒకే ఊళ్ళో ఒకే ఏడాదిలో ఒక మిల్లు యజమాని ఇంట్లో కొత్త దీపం వెలగడం, ఒక అర్చకుడి ఇంట్లో పొయ్యి ఆరిపోవడం నన్ను చాలా బాధపెట్టాయి.

మధ్యాహ్నం కాలేజ్ అవెన్యూ మీది చరిత్ర ప్రదర్శనశాలకు వెళ్ళాము. 1923లో కట్టిన ఆ రాతి భవనంలో హూడిని సంకెళ్ళూ తాళాలూ చూడటానికి మనవడు అద్దాలకు ముఖం ఆనించి నిలబడిపోయాడు. వాడి ఆనందం వాడిది.

మూడో రోజు: మిల్వాకీ

యాపిల్టన్ నుంచి మిల్వాకీ నూరు మైళ్ళకు కాస్త పైన. రబ్బీ కుటుంబం 1882లో ఇదే దారిన దక్షిణానికి వచ్చి, ఇక్కడ కటిక దారిద్ర్యంలో పడింది.

ఇక్కడ నా వెతుకులాటకు ఆధారం సిటీ డైరెక్టరీలు, అంటే ఏటేటా అచ్చువేసిన పట్టణవాసుల పేర్ల పుస్తకాలు. వాటిలో అక్షర క్రమంలో ఇంటి యజమాని పేరు, వృత్తి, చిరునామా ఉంటాయి. అద్దె కట్టలేక ఇళ్ళు మారే కుటుంబాన్ని ఏటా మారే చిరునామాను బట్టి పట్టుకోవచ్చు. అయితే ఒక చిక్కు ఉంది. మిల్వాకీ జర్మన్లు నిండిన నగరం. జర్మన్ భాషలో వైస్ అంటే తెలుపు. ఆ ఇంటిపేరువాళ్ళు వరుసకు వరుస ఉన్నారు. హంగేరీలో ఉండగా వీళ్ళ ఇంటిపేరు చివర ఎస్, జెడ్ అనే అక్షరాలు ఉండేవి. ఇక్కడికి వచ్చాక అవి రెండు ఎస్‌లయ్యాయి. మన లిపిలో రాస్తే రెండూ "వైస్" అనే ఒకే మాట. మనవడు ఇది గమనించి, తెలుగులో రాసి ఉంటే వాళ్ళ పేరు మారేదే కాదని అన్నాడు. ఆ మాట నిజమే. మా అమ్మాయి నవ్వలేదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో తన ఇంటిపేరును అసలు పేరుగా, అసలు పేరును ఇంటిపేరుగా తిరగేసి రాసిన ఒక కాగితాన్ని సరిదిద్దించుకోవడానికి తనకు ఏడాదిన్నర పట్టింది.

డైరెక్టరీలలో భార్యల పేర్లు ఉండవు. భర్త పోయిన తరువాత మాత్రం, పేరు పక్కన ఫలానావారి వితంతువు అనే గుర్తుతో, ఆడవాళ్ళు తమ పేరుతో కనిపించడం మొదలుపెడతారు. 1885లో విస్కాన్సిన్ రాష్ట్రం సొంతంగా జరిపిన జనగణన ఇంకా పొదుపైనది: ఇంటి యజమాని పేరు రాసి, మిగిలినవారిని మగవారు ఇందరు, ఆడవారు ఇందరు అని అంకెలుగా వేశారు. ఆ కుటుంబం ఆ పుటలలో ఎక్కడున్నా, సెసీలియా అందులో "ఆడవారు" గడిలోని ఒక అంకె. కొన్ని వైస్ కుటుంబాలు నా లెక్కకు దగ్గరగా వచ్చాయి గాని, రెండో ఆధారం లేకుండా ఇదే ఆ కుటుంబమని రాసుకోవడానికి నా చేయి ఒప్పుకోలేదు. ఉద్యోగంలో అలవాటైన నియమమది. ఊహను పెన్సిలుతోనే రాయాలి.

హెర్మన్ 1885లో, ఇరవై రెండేళ్ళకే చనిపోయాడు. తన కడుపున పుట్టకపోయినా ఓడలో తన వెంట తెచ్చుకున్న కొడుకు అతడు.

నాలుగో రోజు: న్యూయార్క్‌కు

విమానంలో రెండు గంటలు. రబ్బీ 1887లో, పదమూడేళ్ళ ఎరిక్‌ను వెంటబెట్టుకొని, ఇదే దూరాన్ని పని వెతుక్కుంటూ దాటాడు. తండ్రీకొడుకులు తూర్పు 79వ వీధిలో భోజన వసతి గృహంలో తలదాచుకొని, ఇల్లు కుదిరాక మిగిలినవారిని పిలిపించుకున్నారు. ప్రసంగాలు చేసి, శాస్త్రాలు చదివిన ఆ పెద్దమనిషి చివరికి టైలు కుట్టే కర్మాగారంలో కొడుకు పక్కన నిలబడి పనిచేశాడు.

ఆ సాయంత్రం పశ్చిమ 113వ వీధికి వెళ్ళాము. 278 నంబరు గల ఇల్లు హూడిని 1904లో కొన్నది. తల్లి ఆ ఇంట్లో ఉండేది. వేరేవాళ్ళు కాపురమున్న ఇల్లు కనుక ఎదుటి వైపు నుంచే చూసి, మెట్లకేసి దండం పెట్టుకొని వచ్చేశాము.

ఐదో రోజు: కోట, కచేరీ

న్యూయార్క్ నడిబొడ్డైన మన్‌హట్టన్ దీవి దక్షిణపు కొనలో ఎర్రని ఇసుకరాయితో గుండ్రంగా కట్టిన పాత కోట ఉంది. స్వేచ్ఛా ప్రతిమ దగ్గరకు వెళ్ళే పడవల టికెట్లు ఇప్పుడు అక్కడ అమ్ముతున్నారు. వరుసలో నిలుచున్న వందల మందిలో తాము ఎక్కడ నిలబడ్డారో తెలిసినవాళ్ళు తక్కువగా కనిపించారు. 1855 నుంచి 1890 దాకా కాసిల్ గార్డెన్ అనే పేరుతో అమెరికాకు వలస వచ్చినవారిని మొదట దించుకున్న చోటు ఇది. అందరూ చెప్పుకునే ఎల్లిస్ దీవి తెరిచింది 1892 జనవరి 1న. అప్పటికి సెసీలియా వచ్చి పదమూడేళ్ళు దాటింది. ఆమె దిగింది ఇక్కడ, 1878 జూలై 3న, హాంబర్గ్ నుంచి వచ్చిన ఫ్రిసియా అనే ఓడలో. స్వేచ్ఛా ప్రతిమను ఆవిష్కరించింది 1886 అక్టోబరులో కాబట్టి ఆమెకు ఎదురైన రేవులో ఆ విగ్రహం లేదు.

ఓడ ప్రయాణికుల జాబితా ప్రతిని అక్కడే గోడ నీడలో తీసి చూశాను. ముప్పై ఏడేళ్ళ స్త్రీ, ఐదుగురు మగపిల్లలు. పుట్టిన సంవత్సరాలను బట్టి పెద్దవాడికి పదిహేనేళ్ళు, తరువాతివాడికి ఎనిమిది, ఆ తరువాత ఆరు, ఎరిక్‌కు నాలుగు, చివరివాడికి రెండు. భర్త ముందుగానే ఈ దేశం చేరాడు. ఆమె ఒక్కతే ఐదుగురిని సముద్రం దాటించింది. నేను ఇంతవరకు చూసిన కాగితాలలో ఆమె ఎవరి పేరు కిందా కాకుండా తన పేరుతో తానే ముందుండి, పిల్లల పేర్లు తన కింద ఉన్నది ఇదొక్కటే. అంతకుముందు రిజిస్టరులో ఆమె బిడ్డ తల్లి. ఆ తరువాత జనగణనలో ఇంటి యజమాని భార్య.

రేవులో గుమాస్తాలు వలసదారుల పేర్లు మార్చేశారనే కథ చాలా కుటుంబాలలో ఉంది. జాబితాలు రాసేది బయలుదేరిన రేవులో, ఓడ కంపెనీవారు. ఇక్కడి ఉద్యోగులు వాటిని పట్టుకొని మనుషులను సరిచూసుకునేవారు. పేర్లు తరువాత, బడులలో, అంగళ్ళలో, సంపాదన కోసం, మెల్లగా మారాయి. ఎరిక్ యాపిల్టన్‌లో ఎహ్రిచ్ అయ్యాడు. ఆపైన ఫ్రెంచి ఇంద్రజాలికుడు రాబర్ హూడిన్ మీద అభిమానంతో హూడిని అయ్యాడు.

అక్కడి నుంచి చేంబర్స్ వీధి 31వ నంబరు భవనానికి నడిచాము. నగర పురపాలక దస్తరాలు ఉండేది అందులోనే. పాత జనన, వివాహ, మరణ పత్రాలలో చాలా భాగాన్ని 2022 నుంచి ఇంటి నుంచే ఉచితంగా చూసే ఏర్పాటు చేశారు కనుక రానవసరం లేదని మా అమ్మాయి అంది. నాకు మాత్రం ఆ భవనంలో అడుగుపెట్టాలని ఉంది. జీవితమంతా ఇలాంటి పనే చేసినవాడిని. ఇంత పాలరాతిని, ఇంత మెట్ల వరుసను దస్తరాల కోసం కట్టిన ఊరిని చూసి నా కళ్ళు చెమర్చాయి.

రబ్బీ చనిపోయింది 1892 అక్టోబరు 5న, ఈ నగరంలోనే. ఆ కాలపు మరణ పత్రం జనన రిజిస్టరు కంటే ఎక్కువ మాట్లాడుతుంది: వయసు, పుట్టిన దేశం, అమెరికాలో ఎన్నేళ్ళుగా ఉన్నారు, ఈ ఊళ్ళో ఎన్నేళ్ళుగా ఉన్నారు, జబ్బు, పాతిపెట్టిన చోటు. చనిపోయేముందు ఆయన కొడుకును పిలిచి, అమ్మను చూసుకుంటానని మాట తీసుకున్నాడని కుటుంబం చెప్పుకునేది. ఆ మాట ఏ గడిలోనూ పట్టేది కాదు గాని, కొడుకు దాన్ని ఇరవై ఏళ్ళు నిలబెట్టుకున్నాడు.

సెసీలియా మరణ పత్రం కోసం ఇక్కడ వెతికితే దొరకదు. నేను కూడా మొదట న్యూయార్క్ సూచికలోనే వెతికి రెండు వారాలు పోగొట్టుకున్నాను. ఇల్లు 113వ వీధిలో, సమాధి ఈ నగరంలోదే అయిన క్వీన్స్‌లో ఉన్న మనిషి ఇక్కడే పోయి ఉంటుందని అనుకోవడం సహజం. ఆమె 1913 జూలై 17న పక్క రాష్ట్రమైన న్యూజెర్సీలో, ఆస్బరీ పార్క్ అనే సముద్రతీరపు ఊళ్ళో చనిపోయింది. మరో కొడుకు థియోడర్ ప్రదర్శన అక్కడ ఉండి ఆమె వెంట వెళ్ళింది. కాగితం ప్రాణం పోయినచోట పుడుతుంది గాని కాపురమున్నచోట కాదు. నా ఉద్యోగంలో ఈ మాట నేనే ఎందరికో చెప్పి, న్యూజెర్సీ రాజధాని ట్రెంటన్‌లోని రికార్డులను వెతకాలన్న ఆలోచన నాకే ఆలస్యంగా వచ్చింది.

ఆరో రోజు: మక్పేలా

క్వీన్స్‌లో గ్లెండేల్ దగ్గర, బ్రూక్లిన్ సరిహద్దు పొడవునా, కనుచూపు మేర శ్మశానాలే. పంతొమ్మిదో శతాబ్దం నడిమికి మన్‌హట్టన్‌లో పాతిపెట్టడానికి నేల లేకపోవడంతో, 1847లో వచ్చిన రాష్ట్ర చట్టం ఊరి బయట శ్మశాన సంఘాలకు దారి తెరిచింది. అలా ఏర్పడ్డ వరుసలో యూదులది ఈ మక్పేలా శ్మశానం. శనివారం యూదుల విశ్రాంతి దినం కనుక ఆదివారం ఉదయాన్ని ఎంచుకున్నాము.

మక్పేలా అనే పేరు వాళ్ళ ధర్మగ్రంథంలోది. భార్య సారా చనిపోతే అబ్రహాము ఆమెను ఉంచడానికి హిత్తీయుడైన ఎఫ్రోను దగ్గర 400 వెండి తులాలు తూచి ఇచ్చి, నలుగురి ఎదుట ఆ గుహను కొన్నాడు. ఉచితంగా ఇస్తానన్నా ఒప్పుకోకుండా వెల కట్టి కొనడం, పొలమూ గుహా చెట్లూ హద్దులతో సహా చెప్పడం చదివినప్పుడల్లా అది నాకు మన క్రయ దస్తావేజులాగే వినిపిస్తుంది. తరువాత అబ్రహామును సారా పక్కన, ఇస్సాకును రిబ్కా పక్కన, యాకోబును లేయా పక్కన అక్కడే ఉంచారు. ఆ మాటకు జంట అని అర్థం చెబుతారు. దంపతుల జాడ కోసం వచ్చిన నాకు ఇంతకంటే తగిన పేరున్న చోటు మరొకటి ఉండదు.

దారి పక్కన పాత రాళ్ళను చదవడం మనవడికి నేర్పాను. ఆ ఆరు రోజులలో నాకు అత్యంత ఇష్టమైన గంట అదే. హీబ్రూ రాతిలో పైన రెండు అక్షరాలు, పే, నూన్, ఉంటే "ఇక్కడ ఉన్నది" అని అర్థం. అడుగున ఐదు అక్షరాల వరుస, ఆ ప్రాణం జీవుల మూటలో ముడిపడి ఉండాలనే ప్రార్థనకు పొట్టి రూపం. రెండు చేతులు చెక్కి ఉంటే అర్చక వంశం. నీళ్ళ కూజా ఉంటే ఆలయ సేవకులైన లేవీ వంశం. అన్నిటికంటే విలువైనది మధ్య వరుస: మగవారికి ఫలానావారి కొడుకు, ఆడవారికి ఫలానావారి కూతురు అని తండ్రి పేరు ఉంటుంది. ఓడ జాబితా గాని, జనగణన గాని చెప్పని ఒక తరాన్ని రాయి చెబుతుంది. కాగితాలన్నీ భార్యగా చూపిన స్త్రీ ఇక్కడ తిరిగి కూతురవుతుంది.

తేదీలు అక్షరాలలో ఉంటాయి. ప్రతి అక్షరానికీ ఒక విలువ. వేలు వదిలేసి మిగిలినది కూడుకోవాలి. తావ్ 400, రేష్ 200, నూన్ 50, గిమెల్ 3 కలిస్తే 653. వదిలేసిన ఐదు వేలు కలిపితే 5653. రబ్బీ పోయిన రోజు యూదుల పంచాంగంలో 5653వ సంవత్సరం తిష్రీ నెల 14, వారి పర్ణశాలల పండుగకు ముందురోజు. సెసీలియా పోయినది 5673వ సంవత్సరం తమ్ముజ్ నెల 12. మనవడు నా నోటు పుస్తకం తీసుకొని తన పుట్టినరోజును అక్షరాలలో వేసుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడే నాకు మొదటి రోజు ప్రశ్న గుర్తొచ్చింది. 1874 మార్చి 24ను యూదుల పంచాంగంలోకి మార్చి చూశాను. నీసాన్ నెల 6వ తేదీ వచ్చింది. నీసాన్ మన చైత్రంలా మార్చి, ఏప్రిల్ నెలల మధ్య వచ్చే నెల. పుట్టినది సూర్యాస్తమయం దాటాక అయితే 7 కావాలి. వాళ్ళ రోజు సాయంకాలంతో మొదలవుతుంది. హూడిని జీవితాంతం ఏప్రిల్ 6నే పుట్టినరోజుగా ఉంచుకున్నాడు. అమ్మ ఎప్పుడూ ఆ తేదీకే తనకు ఉత్తరం రాస్తుందని తమ్ముడితో చెప్పాడు. తిథిని గుర్తుంచుకున్న ఒక తల్లి నీసాన్ ఆరును ఏప్రిల్ ఆరుగా చెప్పి ఉండవచ్చునా? ఇది నా ఊహ, పెన్సిలుతో రాసుకున్నదే. అయినా మా అమ్మ నా పుట్టినరోజును ఆశ్వయుజ బహుళ తదియ అని తప్ప మరో విధంగా ఎన్నడూ చెప్పలేదు కనుక, ఈ ఊహను చెరిపివేయడానికి మనసొప్పలేదు.

ద్వారానికి దగ్గరలోనే వైస్ కుటుంబపు స్థలం. అర్ధచంద్రాకారంలో గ్రానైట్ అరుగు, మధ్యలో కొడుకు శిరోవిగ్రహం, దాని కింద మోకరిల్లి దుఃఖిస్తున్న స్త్రీమూర్తి. పాత శిరోవిగ్రహాన్ని దుండగులు పగలగొడితే 2011లో మళ్ళీ పెట్టారు. చూడవచ్చినవారందరూ అక్కడే ఫోటోలు దిగుతున్నారు. ఈ స్థలాన్ని కొన్న కొడుకు, వేరేచోట పాతిపెట్టిన తండ్రినీ అన్న హెర్మన్‌నూ తవ్వి తెప్పించి ఇక్కడ చేర్చాడు. తల్లి చనిపోయిన కబురు అతడికి డెన్మార్క్‌లో, కోపెన్‌హేగన్‌లో ఉండగా తంతిలో అందింది, కుప్పకూలిపోయాడు. ఆలస్యం లేకుండా పాతిపెట్టాలన్నది యూదుల ఆచారం. అతడు వచ్చి ముఖం చూసేవరకు ఆపించారు. తనకు ఊలు చెప్పులు తెమ్మని ఆమె బయలుదేరేముందు అడిగింది. అతడు ఆ చెప్పులు తెచ్చి ఆమె శవపేటికలో ఉంచాడు.

1926 అక్టోబరు 31న అతడూ చనిపోయి ఇక్కడికే వచ్చాడు. భార్య బెస్ మాత్రం కాథలిక్ కనుక ఈ నేలలో లేదు. న్యూయార్క్ ఉత్తరాన హాథోర్న్‌లో, తన మతంవారి శ్మశానంలో ఉంది. ఈ దంపతుల కథలో ఆ దంపతుల విడిపాటు నన్ను అనుకోకుండా తాకింది.

సెసీలియా కొడుకుకు జర్మన్‌లో ఉత్తరాలు రాసేది. నేను ఆరు రోజులుగా చూసినవన్నీ ఇతరులు ఆమె గురించి రాసినవి: హంగేరీ యూదు లేఖకుడు, ఓడ కంపెనీ గుమాస్తా, యాపిల్టన్ గణకుడు. ఆమె సొంతంగా రాసినవి ఆ ఉత్తరాలు. హూడిని కోరిక ప్రకారం ఆ ఉత్తరాల కట్టను అతడి తల కింద దిండుగా పెట్టి పాతిపెట్టారు. మనవడు రాతివైపు, నేలవైపు చూసి, "అయితే అవి ఇక్కడే ఉన్నాయా తాతయ్యా?" అన్నాడు. ఇక్కడే, మన కాళ్ళ దగ్గర ఆరడుగుల లోతున ఉన్నాయని చెప్పాను.

యూదులు సమాధుల దగ్గర పూలు పెట్టరు. వచ్చి వెళ్ళినందుకు గుర్తుగా చిన్న రాయి ఉంచుతారు. యాపిల్టన్‌లో ఫాక్స్ నది ఒడ్డున ఏరి తెచ్చిన రెండు గులకరాళ్ళను మా అమ్మాయి సంచిలోంచి తీసింది. ఒకటి రబ్బీకి, ఒకటి సెసీలియాకు పెట్టాము. శ్మశానం విడిచేముందు చేతులు కడుక్కోవాలన్నది మనకూ వారికీ ఉన్న ఆచారమే. ద్వారం దగ్గర కడుక్కున్నాము.

రైలులో నోటు పుస్తకంలో, ఉద్యోగంలో గీసుకున్నట్టే గడులు గీసి, ఆమె పేరు మీద ఒక పుట పూర్తి చేశాను. పేరు: సెసీలియా స్టైనర్ వైస్. జననం: 1841. ప్రయాణం: ఫ్రిసియా, 1878 జూలై 3. జనగణన: 1880, యాపిల్టన్. పౌరసత్వం: 1882, భర్త పేరు మీద. మరణం: 1913 జూలై 17, ఆస్బరీ పార్క్, పత్రం కోసం ట్రెంటన్‌కు రాయాలి. స్వదస్తూరీ అనే గడి దగ్గర కొంతసేపు ఆగి, సిరాతోనే రాశాను: ఉంది, మక్పేలాలో, కొడుకు దగ్గర, తీసి చూడటానికి వీలులేదు.